ఇది ఎవరి పండుగ?
దేశదేశాల క్రిస్మస్ ఆచారాలు – తెలుగువారి క్రిస్మస్

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు ఒక చారిత్రక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు నా మనస్సులో మొదట మెదిలినది ఒక చిన్న సంఘటన. నేను ఉపాధ్యాయ వృత్తిలో అడుగుపెట్టిన తొలి సంవత్సరాలలో ఏడవ తరగతి వారికి 'మా ఇంటి పండుగ' అనే అంశంపై వ్యాసం వ్రాయమన్నాను. క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన ఒక బాలిక చక్కని దస్తూరీతో ఉగాది గురించి వ్రాసుకొని వచ్చింది. వేపపువ్వు, మామిడికాయ, పంచాంగ శ్రవణం – అన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్లే ఉన్నాయి. "మీ ఇంటి పండుగ క్రిస్మస్ కదమ్మా, దాని గురించి ఎందుకు వ్రాయలేదు?" అని అడిగాను. ఆ పిల్ల తల వంచుకొని, "అది ఇంగ్లీషువాళ్ళ పండుగ కదా టీచర్, తెలుగులో ఎట్లా వ్రాయాలి?" అన్నది.

ఆనాడు నేను ఆమెకు సరియైన సమాధానం చెప్పలేకపోయాను. వ్యాసం బాగున్నదని మార్కులు వేసి పుస్తకం తిరిగి ఇచ్చివేశాను. మార్కులైతే వేశాను గాని, ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఒక పసిపిల్ల తన ఇంటి పండుగను తన భాషలో చెప్పుకోవడానికి సంకోచించినదంటే, ఆ లోపం పిల్లది కాదు. చెప్పవలసిన మాట చెప్పని పెద్దలది. ఈ వ్యాసం ఆ బాలికకు ఎంతో ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

పుట్టుక ఎక్కడ? తేదీ ఎప్పటిది?

క్రిస్మస్ ఇంగ్లీషువారి పండుగ అన్న భావం మనలో చాలామందికి ఉన్నది. మన దేశంలో దొరల బంగళాలలో జరిగిన విందుల వలన, ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల వలన ఆ భావం ఏర్పడి ఉండవచ్చు. కాని చరిత్ర వేరుగా ఉన్నది. యేసుక్రీస్తు జననం జరిగిన బేత్లెహేము పశ్చిమాసియాలోనిది. ఆ కథలో కనిపించేవారు గొర్రెల కాపరులు, తూర్పుదేశపు జ్ఞానులు, సత్రంలో చోటు దొరకక పశువుల పాకలో తలదాచుకొన్న ఒక పేద దంపతులు. మంచు గాని, దేవదారు చెట్టు గాని ఆ కథలో లేవు.

ఆయన పుట్టిన తేదీని సువార్తలు చెప్పలేదు. క్రీ.శ. 354లో రోము నగరంలో కూర్చిన ఒక పంచాంగం వలన, 336వ సంవత్సరం నాటికే అక్కడ డిసెంబరు 25న ఈ పండుగ జరుపుకొంటున్నారని తెలుస్తున్నది. తూర్పు సంఘాలు తొలుత జనవరి 6వ తేదీని పాటించేవి. ఆర్మేనియా సంఘం నేటికీ ఆ రోజునే క్రీస్తు జననాన్ని స్మరిస్తుంది. 1582లో పోపు గ్రెగరీ పంచాంగాన్ని సవరించినప్పుడు రష్యా, సెర్బియా మొదలైన దేశాల సంఘాలు పాత పద్ధతినే నిలుపుకొన్నందున, వారి డిసెంబరు 25 మన లెక్కకు జనవరి 7 అవుతున్నది. ఉక్రెయిన్ దేశం 2023లో చట్టం చేసి తన సెలవును జనవరి 7 నుంచి డిసెంబరు 25కు మార్చుకొన్నది. ఉగాదిని చాంద్రమానం వారు ఒకనాడు, సౌరమానం వారు మరొకనాడు జరుపుకోవడం ఎరిగిన మనకు ఈ తేడా వింతగా తోచదు.

ఇంగ్లీషువారి సంగతి మరీ విచిత్రం. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్ పండుగను రద్దు చేసింది. వేదగ్రంథంలో లేని వేడుక అని, తిండికి తాగుడుకు సాకు అని ప్యూరిటన్లు దానిని వ్యతిరేకించారు. 1660లో రాజరికం తిరిగి వచ్చిన తరువాతనే నిషేధం తొలగింది. అమెరికాలోని మసాచుసెట్స్ వలసలో 1659 నుంచి 1681 వరకు క్రిస్మస్ జరుపుకొన్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది. స్కాట్లండులో ఆ రోజు ప్రభుత్వ సెలవుదినమైనది 1958లో. ఇంగ్లీషువారే ఒకప్పుడు కాదన్న పండుగను ఇంగ్లీషువారి సొత్తని మనమెట్లా అనగలం?

ఊరూరా చేరిన ఆచారాలు

ఈనాడు క్రిస్మస్ అనగానే మనకు స్ఫురించే ప్రతి వస్తువుకు ఒక సొంత ఊరు ఉన్నది. పశువుల పాకను బొమ్మలతో అలంకరించే సంప్రదాయం ఇటలీలోని గ్రెచ్చో గ్రామానిది. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్న్యాసి అక్కడ నిజమైన ఎద్దును, గాడిదను నిలిపి, గడ్డి పరచి, చదువురాని పల్లె ప్రజలకు ఆ రాత్రి కథను కళ్ళకు కట్టించాడు. దృశ్యం ద్వారా బోధించడమంటే ఏమిటో ఆయన ఏ శిక్షణ కళాశాలలోనూ చదువుకోలేదు గాని, అంతకంటె మంచి పాఠం చెప్పినవారు అరుదు.

అలంకరించిన చెట్టు జర్మన్ భాషా ప్రాంతాలది. 1605 నాటి ఒక వ్రాతలో స్ట్రాస్‌బర్గ్ వాసులు ఇళ్ళలో చెట్లు నిలిపి కాగితపు పూలు, ఆపిల్ పండ్లు వ్రేలాడదీసేవారని ఉన్నది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలుచున్న బొమ్మ ఒక పత్రికలో అచ్చయిన తరువాత ఇంగ్లండులో ఇంటింటికీ అది ప్రాకింది. క్రిస్మస్ తాత వెనుక నాల్గవ శతాబ్దపు మైరా నగరపు బిషప్పు నికొలాస్ ఉన్నాడు. ఆ ఊరు నేటి టర్కీలోనిది. లోకమంతా పాడే 'శుద్ధరాత్రి' పాట 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరి ఆలయంలో తొలిసారి వినిపించింది. సహాయ గురువు యోసెఫ్ మోర్ మాటలు వ్రాయగా, ఒక బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్ స్వరం కట్టాడు. ఆ గౌరవంలో మన ఉపాధ్యాయ వర్గానికి కూడ ఒక పాలు ఉన్నదని నేను సంతోషిస్తుంటాను.

దేశదేశాల వేడుకలు

పోలండులో క్రిస్మస్ ముందురోజు సాయంకాలం పిల్లలు ఆకాశం వైపు చూస్తూ ఉంటారు. మొదటి చుక్క పొడిచిన తరువాతనే భోజనం. బల్లగుడ్డ క్రింద కొంచెం ఎండుగడ్డి పరుస్తారు. పసిబిడ్డ పడుకొన్నది గడ్డిపైనని గుర్తు. కుటుంబంలోని వారందరికీ విస్తళ్ళు అమర్చిన తరువాత ఒక ఖాళీ ఆసనం, ఒక ఖాళీ పళ్ళెం కూడ ఉంచుతారు. అనుకోని అతిథి వస్తే వెనుదిరిగి పోరాదని దాని భావం. అతిథిని దేవునిగా భావించే మనకు ఈ ఆచారాన్ని ఎవరూ వివరించనక్కరలేదు.

ఫిలిప్పీన్స్ దీవులలో డిసెంబరు 16 నుంచి తొమ్మిది రోజులు తెల్లవారకముందే ఆలయాలలో ప్రార్థనలు జరుగుతాయి. పొలం పనులకు వెళ్ళే రైతులకు వీలుగా ఏర్పడిన ఈ ఆచారాన్ని 'సింబాంగ్ గాబీ' అంటారు. ప్రార్థన ముగియగానే ఆలయం వెలుపల బియ్యపుపిండితో, కొబ్బరితో చేసిన వేడివేడి రొట్టెలు అమ్ముతారు. వెదురు బద్దలతో చట్రం కట్టి, రంగుకాగితం అంటించి లోపల దీపం పెట్టిన నక్షత్రాన్ని ప్రతి ఇంటి ముందు వ్రేలాడదీస్తారు. సరిగా ఆ రోజులలోనే మన ధనుర్మాసం ఆరంభమై, తెల్లవారుజామున గుడులలో తిరుప్పావై వినిపిస్తుంది, చలిలో వేడి పొంగలి ప్రసాదం చేతిలో పడుతుంది. ఒకరినొకరు ఎరుగని రెండు జాతులు ఒకే మాసపు వేకువను భక్తికి కేటాయించుకోవడం ఎంత ముచ్చట!

మెక్సికోలో అదే తొమ్మిది రోజుల పాటు మరియ యోసేపుల వేషధారులు ఇంటింటి తలుపు తట్టి పాటగా చోటు అడుగుతారు. లోపలివారు పాటగానే కాదంటారు. చివరి ఇంటివారు తలుపు తెరుస్తారు. అక్కడ అందరికీ విందు. స్వీడనులో డిసెంబరు 13న లూసియా దినం నాడు తెల్లని దుస్తులు ధరించిన బాలిక తలపై దీపాల కిరీటంతో చీకటి ఉదయాన్ని వెలిగిస్తుంది. ఇథియోపియాలో పండుగ జనవరి 7న వస్తుంది. దానికి ముందు 43 రోజుల ఉపవాస నియమం ఉంటుంది. తెల్లని నూలు వస్త్రాలు ధరించిన యాత్రికులు వేల సంఖ్యలో లాలిబెలాలోని ఏకశిలా ఆలయాలకు చేరుతారు. ఆ రోజున పురుషులు హాకీని పోలిన 'గెన్నా' అనే ఆట ఆడతారు. శుభవార్త విన్న గొర్రెల కాపరులు తమ చేతికర్రలతో ఆడిన ఆట అది అని వారి నమ్మకం. ఆస్ట్రేలియాలో డిసెంబరు నడివేసవి కనుక ఆరుబయట మైదానాలలో క్రొవ్వొత్తులు పట్టుకొని పాడతారు. మెల్‌బోర్న్ నగరంలో 1938లో మొదలైన ఈ గానసభ నేటికీ సాగుతున్నది. ఐస్‌లాండులో పండుగ కానుకగా పుస్తకం ఇచ్చి, ఆ రాత్రి చదువుకొంటూ గడపడం అలవాటు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇతర వస్తువులు దొరకక, కాగితం మాత్రం దొరికినందున అది బలపడింది. ఈ ఒక్క ఆచారాన్ని మతంతో నిమిత్తం లేకుండా మన తల్లిదండ్రులందరూ స్వీకరిస్తే ఎంత బాగుండును!

ఈ వివరాలన్నిటిలోను ఒక్క సూత్రం కనిపిస్తున్నది. కథ ఒక్కటే, ప్రతి జాతి దానిని తన ధాన్యంతో వండుకొన్నది, తన వెదురుతో వెలిగించుకొన్నది, తన భాషలో పాడుకొన్నది. అట్లా చేసిన నాటినుంచే అది వారి పండుగ అయినది.

తెలుగు నేలపై

మరి తెలుగువారి మాట ఏమిటి? 1726లో మద్రాసు చేరిన జర్మన్ మతగురువు బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి బైబిలు అనువాదానికి పూనుకొన్నాడు. ఆయన అనువాదం వ్రాతప్రతిగానే మిగిలిపోయినా, ఆయన తెలుగు చిన్న పుస్తకాలు 1746–47 ప్రాంతంలో జర్మనీలోని హాలె నగరంలో అచ్చయినవి. తెలుగు అక్షరం అచ్చుకెక్కిన తొలి ఘట్టాలలో అది ఒకటి. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వారు జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజిస్. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో డిగ్రాంజిస్ సువార్తలను తెనిగించాడు. క్రాన్ 1809లో, డిగ్రాంజిస్ 1810లో కన్నుమూశారు. వారి శ్రమఫలంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. పశువుల తొట్టిలో పరుండబెట్టిన శిశువు కథ లూకా సువార్తలోనిదే. అనగా ఆ కథ తెలుగు అచ్చులో వెలువడి రెండు శతాబ్దాలు దాటింది.

చదువరుల కంటె పాడుకొనేవారు ఎక్కువైన దేశం మనది. ఆ అవసరాన్ని తీర్చినవారిలో ప్రముఖులు పురుషోత్తమ చౌదరి (1803–1890). బెంగాలీ కుటుంబంలో జన్మించి, తెలుగును తన కవితాభాషగా చేసుకొన్న ఈ మహనీయుడు కర్ణాటక సంగీత బాణీలలో కీర్తనలు రచించారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే సంపుటిని తెరచి చూడండి. పాట పైన రాగం, తాళం పేర్లు ముద్రించి ఉంటాయి. శంకరాభరణం, ఆది తాళం అని వ్రాసి ఉన్న పాటను విదేశీయమని ఎవరనగలరు?

ఈ చరిత్రలో వేడుకలే కాదు, ఆకలి కూడ ఉన్నది. 1876–78 నాటి ఘోరక్షామంలో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకాన్ని గుత్తకు తీసుకొని కరువు బాధితులకు పని చూపించాడు. సమాజంలో అడుగున ఉన్న మాదిగ కుటుంబాలు ఆ సంవత్సరాలలో అధిక సంఖ్యలో సంఘంలో చేరాయి. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ తీరాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూటి కోసం చేరారని అన్నవారు ఆనాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. కాని గుడి గడప తొక్కనివ్వని కాలంలో, మనుషులుగా పేరుపెట్టి పిలిచిన చోటికి వారు వెళ్ళారని కూడ చరిత్ర విద్యార్థి గుర్తించాలి. పశువుల పాకలో పుట్టిన దేవుని కథ వారికి ఎంత దగ్గరగా తోచి ఉంటుందో ఊహించవచ్చు.

మెదకులో వెస్లియన్ మిషన్‌కు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో ఆరంభమైన మహాదేవాలయ నిర్మాణం పదేళ్ళు సాగింది. కరువు రోజులలో ఆ పని ఎన్నో కుటుంబాలకు గింజలు పెట్టింది. 175 అడుగుల గోపురం గల ఆ ఆలయాన్ని 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే ప్రతిష్ఠించారు. క్రీస్తు జననాన్ని చిత్రించిన రంగుటద్దాల కిటికీ అక్కడ 1947లో అమరింది. పగటి వెలుగు ఉన్నంతసేపే ఆ బొమ్మ కనిపిస్తుంది. సూర్యుడు క్రుంకగానే మాయమవుతుంది. 2024లో ఆ ఆలయానికి నూరేళ్ళు నిండాయి. దోర్నకల్లులో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య నిర్మింపజేసిన ఆలయం 1939లో ప్రతిష్ఠితమైనది. హిందూ దేవాలయాల స్తంభాలు, మసీదుల మినార్లు, గుమ్మటాలు అందులో కలిసి కనిపిస్తాయి. తూర్పు జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ పేరు దానికి పెట్టారు.

సాహిత్యంలో ఈ కథను శిఖరానికి చేర్చినవారు మహాకవి గుర్రం జాషువా (1895–1971). వినుకొండలో జన్మించి, కులం పేరిట ఎన్నో అవమానాలు భరించిన ఆ కవి కలం నుంచి వచ్చిన 'క్రీస్తు చరిత్ర' పద్యకావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. ఆనాడు ఆ బాలిక "తెలుగులో ఎట్లా వ్రాయాలి?" అని అడిగినప్పుడు నేను గ్రంథాలయపు బీరువా తెరిచి ఈ పుస్తకం ఆమె చేతిలో పెట్టవలసింది. పద్యం అందని సామాన్యులకు 1978లో వచ్చిన 'కరుణామయుడు' చలనచిత్రం అదే కథను ఊరూరా వినిపించింది.

ఇక ఆచారాల మాట. కోస్తా గ్రామాలలో దేవదారు చెట్టు లేదు; సరుగుడు కొమ్మ నరికి తెచ్చి నిలబెడతారు. వెదురు బద్దల నక్షత్రాన్ని పొడవాటి గడకు కట్టి ఇంటిపై ఎత్తుతారు. రాత్రివేళ హార్మోనియం, డోలక్, కంజిరలతో భజన బృందం ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆ మాసానికే కొత్తబియ్యం ఇంటికి చేరుతుంది గనుక అరిసెలు, కజ్జికాయలు, జంతికలు, గులాబీ పువ్వులు వండి, మతభేదం లేకుండా ఇరుగుపొరుగుకు పంచుతారు. పదిహేను ఇరవై రోజులు గడవగానే సంక్రాంతి అరిసెలు అదే గిన్నెలో తిరిగి వస్తాయి. ముంగిట ముగ్గు వేసి మధ్యలో నక్షత్రం దిద్దే ఇల్లాలికి, తాను రెండు సంప్రదాయాలను కలుపుతున్నానన్న ఊహ కూడ ఉండదు.

మన బెంగుళూరులో

1809లో బ్రిటిషువారు ఇక్కడ కంటోన్మెంటు స్థాపించినప్పటి నుంచి మద్రాసు సైన్యంతో పాటు, వర్తకంతో పాటు, కూలిపనులతో పాటు తెలుగువారు, తమిళులు ఈ ఊరికి వచ్చి చేరారు. శివాజీనగరులోని సెయింట్ మేరీ ఆలయం 1882లో ప్రతిష్ఠ పొంది, 1974లో బసిలికా హోదా పొందింది. డిసెంబరు వచ్చిందంటే దాని ఎదుటి రస్సెల్ మార్కెట్టు పరిసరాలలో నక్షత్రాలు, బొమ్మలు, గడ్డి అమ్మే దుకాణాలు వెలుస్తాయి. అమ్మేవారు, కొనేవారు అన్ని మతాలవారు. కొన్ని ఇళ్ళలో పండుగకు కొద్దిరోజుల ముందు పళ్ళెంలో రాగులు చల్లి, మొలచిన లేత పచ్చికను పాక బొమ్మల ముందు పెడతారు. ఇంగ్లండు దేశపు కేకు కూడ ఇక్కడ మన దినుసుగా మారింది. మలబారు తీరంలోని తలచేరిలో మాంబళ్ళి బాపు అనే రొట్టెల వ్యాపారి 1883లో, ఒక దొర కోరికపై, స్థానిక దినుసులతో క్రిస్మస్ కేకు చేశాడని అక్కడివారు సగర్వంగా చెప్పుకొంటారు. మన నగరంలో 1970ల దశకంలో మొదలైన డిసెంబరు కేకుల ప్రదర్శనకు పిల్లలను తీసుకొని వెళ్ళని తల్లిదండ్రులు తక్కువ.

కాని నాకు ఆందోళన కలిగించే విషయం ఒకటి ఉన్నది. కొద్ది సంవత్సరాల క్రితం మా వీధికి పాటలు పాడుతూ వచ్చిన ఒక తెలుగు బృందంలో మన పూర్వ విద్యార్థుల పిల్లలు ఉన్నారు. గొంతులు మధురంగా ఉన్నాయి. పాట అచ్చ తెలుగు కీర్తన. ఒక అబ్బాయి చేతిలోని కాగితం తీసుకొని చూశాను. తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొన్నాడు. మరొక పిల్ల కన్నడ లిపిలో వ్రాసుకొన్నది. కన్నడం మనకు అన్నం పెట్టిన నేల భాష. ఇంగ్లీషు ఉద్యోగానికి అవసరం. రెండూ రావలసినవే. కాని అవ్వ పాడిన పాటను అవ్వ అక్షరాలలో చదవలేని మనుమడికి ఆ పాట ఎన్నాళ్ళు మిగులుతుంది? ఇది క్రైస్తవ గృహాల సమస్య మాత్రమే కాదు. అన్నమయ్య కీర్తనను, రంజాన్ కానుకతో పంపే తెలుగు చీటీని, సంక్రాంతి గొబ్బిపాటను కూడ ఇదే ప్రమాదం వెంటాడుతున్నది.

డెబ్బది ఐదేళ్ళుగా తెలుగు మాధ్యమంలో బోధిస్తూ వచ్చిన మన పాఠశాల నిజానికి చేసిన పని ఇదే. ఎవరి పండుగను వారు తమ నోటితో, తమ చేతివ్రాతతో చెప్పుకోగల శక్తిని పిల్లలకు ఇవ్వడం. తరగతులలో పిల్లల సంఖ్య తగ్గుతున్న ఈ రోజులలో ఆ పని మరింత విలువైనది.

పూర్వ విద్యార్థులకు, తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. ఈ డిసెంబరులో గాని, మీ ఇంటి పండుగ ఏ మాసంలో వచ్చినా గాని, ఇంటి పెద్దలు పాడే ఒక పాటను మీ పిల్లలచేత తెలుగు అక్షరాలలో ఒక్క పుట వ్రాయించండి. తప్పులు వస్తే దిద్దడానికి మేమున్నాము.

ఆనాడు ఉగాది వ్యాసం వ్రాసిన ఆ బాలిక నేడు గృహిణియై, బహుశా తల్లియై, ఈ సంచికను చదువుతూ ఉండవచ్చు. అమ్మాయీ, ఆ పండుగ ఇంగ్లీషువాళ్ళది కాదు. గ్రెచ్చో పల్లె వారిది, లాలిబెలా యాత్రికులది, ఫిలిప్పీన్స్ రైతులది. గుండ్లకమ్మ తీరం వారిది, జాషువాది, మీ అమ్మమ్మది, నీది. దానిని తెలుగులో వ్రాయవచ్చు. నీవు వ్రాసి పంపితే, ఆలస్యమైనా సరే, నేను దిద్ది మార్కులు వేస్తాను.